యెరికో దారిలో ఒక్కడా, ఇద్దరా?

ప్రశ్న: అక్కా, వందనాలు. మాది తిరుపతి, కొర్లగుంట. మా సంఘంలో ఇంటర్ చదివే పిల్లలకి సండే స్కూల్ చెప్తున్నాను. పోయిన నెల బర్తిమయి కథ చెప్పాను. ఒక పాప లేచి, "అక్కా, మార్కులో ఒక్కడే గుడ్డివాడు, మత్తయిలో ఇద్దరున్నారు, లూకాలో యేసు ఊళ్లోకి రాకముందే వాడికి చూపొచ్చేసింది. ఏది నిజం?" అంది. నాకు నోట మాట రాలేదు. మా పాస్టర్ అయ్యగారిని అడిగితే, "ఒక యాక్సిడెంట్‌ని నలుగురు చూస్తే నలుగురూ నాలుగు రకాలుగా చెప్తారమ్మా, అంతే" అన్నారు. మా మరిది అయితే ఇలాంటి తేడాలన్నీ ఏకరువు పెట్టే వీడియోలు ఫ్యామిలీ గ్రూపులో పెడుతూనే ఉంటాడు. ఆదివారం వస్తోందంటే టెన్షన్‌గా ఉంది. నాలుగు సువార్తల్నీ కలిపి ఒకే కథగా రాసిన పుస్తకాలు ఉంటాయట. ఒకటి కొని అదే చెప్పేయమంటారా? పిల్లలకి ఈ తేడాలు చూపించాలా, దాటేయాలా?

జవాబు: చెల్లెమ్మా, ముందు ఆ పాప లెక్క సరి చూద్దాం. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. మార్కు 10వ అధ్యాయంలో యేసు యెరికో నుంచి బయలుదేరి వెళ్తుంటే తీమయి కొడుకు బర్తిమయి దారి పక్కన అడుక్కుంటూ కూర్చున్నాడు. మత్తయి 20లో కూడా ఊరు విడిచి వెళ్తున్నప్పుడే, కానీ అక్కడ ఇద్దరు, పేర్లు లేవు. లూకా 18లో ఒక్కడే, పేరు లేదు, యేసు ఇంకా ఊరిని సమీపిస్తున్నాడు. ఆ పాప కంట పడనివి మరికొన్ని ఉన్నాయి. మార్కు, లూకాల్లో యేసు అతన్ని తాకినట్టు లేదు. "నీ విశ్వాసం నిన్ను స్వస్థపరచింది" అంటాడు, చూపు వస్తుంది. మత్తయిలో ఆ మాటే లేదు. ఆయన కనికరపడి వాళ్ల కళ్లు ముట్టుకుంటాడు. పైబట్ట పారేసి లేచి రావడం ఒక్క మార్కులోనే ఉంది.

దీనికి పాత వ్యాఖ్యానకర్తలు జవాబులు వెతక్కపోలేదు. యెరికోలు రెండు, పాత ఊరి దిబ్బ ఒకటి, దానికి కాస్త దూరంలో హేరోదు కాలపు కొత్త ఊరు ఒకటి, ఒకదాన్ని విడిచి రెండోదానికి వెళ్తుంటే ఇది జరిగింది అన్నారు. ఉన్నది ఇద్దరే, పేరు తెలిసినవాడు బర్తిమయి కాబట్టి మార్కు అతని గురించే రాశాడు అన్నారు. ఊళ్లోకి వెళ్లేటప్పుడు కేకేశాడు, వచ్చేటప్పుడు చూపొచ్చింది అని కూడా అన్నారు. వీటిలో రెండోది జరగడానికి వీల్లేనిదేమీ కాదు. అయితే మూడు జవాబులూ చేసే పని ఒకటే. మూడు సువార్తల్లో ఏ ఒక్కటీ చెప్పని నాలుగో కథను తయారుచేస్తాయి. మీరు ఆ నాలుగో కథ చెప్పి క్లాసు ముగిస్తే పిల్లలు సరేనంటారు, అసలున్న మూడింటిలో ఒక్కదాన్నీ శ్రద్ధగా చదవరు.

అందుకని నా సలహా: కలపడానికి తొందరపడకండి. ఎవరి కథ వాళ్ల పుస్తకంలో, ముందూ వెనకా ఉన్నవాటితో చదివించండి. లూకా ఈ సంఘటనని ఊరి బయటే ఎందుకు పెట్టాడు? తర్వాతి పేజీ తిప్పితే జక్కయ్య కనిపిస్తాడు. మేడిచెట్టెక్కిన ఆ సుంకరి కథ లూకాలో తప్ప ఇంకెక్కడా లేదు, అది జరిగింది యెరికో లోపల. మార్కులో యెరికోకి రావడం, వెళ్లడం ఒకే వచనంలో అయిపోతాయి, ఊళ్లో ఏం జరిగిందో ఒక్క ముక్క లేదు. లూకాలో మాత్రం ఊరి బయట చేతిలో పైసా లేనివాడు, ఊరి లోపల డబ్బు మూటలున్నవాడు. మొదటివాడు కేకలేస్తే జనం నోరు మూసుకోమంటారు. రెండోవాడి ఇంటికి యేసు వెళ్తే అదే జనం సణుగుతారు. ఇద్దరినీ ఇలా వెంటవెంటనే నిలబెట్టడం లూకా కావాలని చేసిన పనే అని నాకనిపిస్తుంది. "బయట" అన్న ఆ ఒక్క తేడాని సర్దేస్తే ఈ పేర్పు ఎవరికీ కనపడదు.

ఇక మత్తయి "ఇద్దరు". సమాధుల్లో తిరిగే దయ్యం పట్టినవాడు మార్కు, లూకాల్లో ఒక్కడు, మత్తయి 8లో ఇద్దరు. మట్టల ఆదివారం నాడు మిగతా ముగ్గురికీ గాడిదపిల్ల ఒక్కటి చాలు, మత్తయి 21లో గాడిదా ఉంది, దాని పిల్లా ఉంది. 9వ అధ్యాయంలో ఇంకో ఇద్దరు చూపు లేనివాళ్లు ఉన్నారు. అంటే ఇది యెరికో దగ్గర దొర్లిన పొరపాటు కాదు, మత్తయి రాతలో పదే పదే వచ్చే పద్ధతి. గాడిదల సంగతికి కారణం ఆయనే చెప్పాడు, గాడిదా, గాడిదపిల్లా ఉన్న జెకర్యా ప్రవచనాన్ని ఎత్తి రాశాడు. మిగతా చోట్ల, సాక్ష్యానికి ఇద్దరుండాలన్న ద్వితీయోపదేశకాండం నియమం ఆయన మనసులో ఉందని కొందరంటారు. నాకు ఆ వివరణ సగమే నచ్చింది. ఆ ఇద్దరూ ఎక్కడా సాక్ష్యం చెప్పడానికి నిలబడరు కదా. కారణం ఏదైనా, ఆ పాపకి మీరు ఇవ్వాల్సింది ఈ గమనింపు. "మత్తయి ఇంకెక్కడెక్కడ ఇద్దరిని పెట్టాడో వెతికి తీసుకురా" అనండి, వచ్చే వారానికి తెస్తుంది.

అయ్యగారి మీద గౌరవం ఉంచుకునే చెప్తున్నాను, యాక్సిడెంట్ పోలిక ఇక్కడ అతకదు. నలుగురు సాక్షులు ఎవరికి వాళ్లు చెప్తే సంగతి కలుస్తుంది, మాటలు కలవవు. మొదటి మూడు సువార్తల్లో విచిత్రమేమిటంటే మాటలే కలుస్తాయి. మార్కు 13, మత్తయి 24 పక్కపక్కన తెరవండి. యేసు ఒలీవల కొండ మీద కూర్చుని శిష్యులతో రాబోయే శ్రమల గురించి మాట్లాడుతున్నాడు. మధ్యలో, రెండింటిలోనూ ఒకే చోట, "చదువువాడు గ్రహించుగాక" అని వస్తుంది. ఎదురుగా కూర్చుని వింటున్నవాళ్లతో మాట్లాడుతుంటే చదివేవాడు ఎక్కడినుంచి వచ్చాడు? అది రాసినవాడు తన చదువరికి చెప్పిన మాట అని చాలామంది పండితులు అంటారు. ఇద్దరు మనుషులు వేర్వేరుగా కూర్చుని రాస్తే, అదే మాట అదే వాక్యం మధ్యలో ఇద్దరికీ తోచదు. ఒకరు రాసింది ఇంకొకరి ముందుంది.

మార్కులో సుమారు 660 వచనాలు ఉంటే 600 దాకా ఏదో ఒక రూపంలో మత్తయిలో కనిపిస్తాయి. మార్కు ముందు రాశాడు, మత్తయి, లూకా దాన్ని దగ్గర పెట్టుకుని రాశారు అన్నది ఇవాళ ఎక్కువమంది ఒప్పుకునే మాట. పూర్వం అగస్టీను అనే సంఘ పండితుడు మత్తయే ముందని, మార్కు దాన్ని కుదించాడని అనుకున్నాడు. ఏ వరుస అయినా ఒకరినొకరు ఎరిగి రాసినవాళ్లే. లూకా ఈ సంగతి దాచుకోలేదు కూడా. తన మొదటి నాలుగు వచనాల్లోనే, తనకంటే ముందు అనేకులు రాయడానికి పూనుకున్నారని, తాను అన్నీ మొదటినుంచి విచారించి వరుసగా రాస్తున్నానని చెప్పాడు. ముందున్న రాత చేతిలో ఉండి కూడా ఒక మాట మార్చాడంటే మరచిపోయి మార్చలేదు. యాక్సిడెంట్ పోలిక చెప్తే పిల్లలు తేడాలన్నీ జ్ఞాపకం చెదిరి వచ్చినవే అనుకుంటారు. నాకు ఆ పోలిక మీద ఉన్న ఫిర్యాదు అదే.

వరుస గురించి కూడా ఒక మాట. 2వ శతాబ్దం తొలినాళ్లలో పాపియాస్ అనే బిషప్పు, పేతురు గుర్తు చేసుకుని చెప్పినవాటిని మార్కు జాగ్రత్తగా రాశాడు గానీ వరుసలో రాయలేదు అన్నాడు. ఆ మాట తర్వాత యూసేబియస్ తన సంఘ చరిత్రలో ఎత్తి రాయబట్టి మనకు దక్కింది. ఈ తేడాలను మీ మరిది వీడియోలో ఎవరో కొత్తగా కనిపెట్టలేదు. సంఘం పుట్టిన వంద సంవత్సరాలలోపే సంఘంలోని వాళ్లే వాటి గురించి మాట్లాడుకున్నారు.

కలిపేస్తే ఏం పోతుందో చూడాలంటే దూరం వెళ్లక్కర్లేదు, మన గుడ్ ఫ్రైడే ఆరాధన చాలు. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా, ఏడు మాటలు, ఏడుగురు ప్రసంగీకులు, మధ్యమధ్య పాటలు. తిరుపతి ఎండల్లో ఫ్యాన్ల కింద కూర్చుని అవి వింటూ పెరిగినవాళ్లలో ఎంతమందికి తెలుసు, ఆ ఏడు మాటలూ కలిసి ఏ ఒక్క సువార్తలోనూ లేవని? "తండ్రీ, వీరిని క్షమించుము", "నేడు నాతో పరదైసులో ఉందువు", "నా ఆత్మను నీ చేతికి అప్పగించుచున్నాను", ఈ మూడూ లూకావి. తల్లినీ ప్రియ శిష్యుణ్ణీ ఒకరికొకరిని అప్పగించడం, "దప్పిగొనుచున్నాను", "సమాప్తమైనది", ఇవి యోహానువి. మత్తయికి, మార్కుకి కలిపి మిగిలింది ఒక్కటే, "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి?"

ఇప్పుడు మార్కు 15 ఒక్కటే చదవండి, మిగతా మూడూ మూసేసి. శిష్యులు పారిపోయారు. దారిన పోయేవాళ్లు దూషిస్తారు, ప్రధానయాజకులు ఎగతాళి చేస్తారు, పక్కన సిలువ వేయబడ్డ ఇద్దరూ నిందిస్తారు. ఇద్దరూ అని గమనించండి. లూకాలో ఉన్న మంచి దొంగ ఇక్కడ లేడు. తల్లి సిలువ దగ్గర నిలబడి ఉన్నట్టు మార్కు రాయలేదు, స్త్రీలు దూరం నుంచి చూస్తున్నారు. చీకటి కమ్ముతుంది. మూడు గంటల వేళ ఆ ఒక్క కేక. నిలబడ్డవాళ్లు దాన్ని కూడా తప్పుగా విని ఏలీయాను పిలుస్తున్నాడంటారు. ఇంకో పెద్ద కేక, ప్రాణం పోతుంది. అప్పుడు ఒక రోమా శతాధిపతి నోట, ఈయన దేవుని కుమారుడన్న మాట వస్తుంది. అంతకుముందు మార్కులో ఏ మనిషీ ఆ మాట ఇలా ఒప్పుకోలేదు. ఆ ఒంటరితనం మార్కు కట్టింది. పక్కన యోహాను నుంచి తల్లిని తెచ్చి నిలబెట్టి, లూకా నుంచి మంచి దొంగను తెచ్చి ఓదార్పు చెప్పిస్తే ఆ కట్టడం కూలిపోతుంది.

లూకాలో అదే మరణం వేరు. ఆయన చివరిదాకా ఎవరో ఒకరిని చూసుకుంటూనే ఉంటాడు, సిలువ వేసేవాళ్లని క్షమించమంటాడు, పక్కవాడికి మాట ఇస్తాడు, నిబ్బరంగా తండ్రి చేతికి ప్రాణం అప్పగిస్తాడు. మార్కులోని కేక 22వ కీర్తన మొదటి మాట, లూకాలోని ప్రార్థన 31వ కీర్తనలోది. కీర్తనలు నోటికొచ్చిన పిల్లలుంటే రెండూ చదివించండి, తేడా చెవికే తెలుస్తుంది. ఏడు మాటల ఆరాధన మానేయమని నేనడం లేదు, నాకదంటే ఇష్టం. కానీ వచ్చే గుడ్ ఫ్రైడేకి ముందు వారం మీ పిల్లలకి నాలుగు సిలువలూ విడివిడిగా చూపించండి. ఆ తర్వాత ఏడు మాటలు వింటున్నప్పుడు ఏ మాట ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో వాళ్లకి తెలుస్తుంది. క్రిస్మస్ డ్రామా సంగతీ అంతే అనుకోండి. లూకా గొర్రెల కాపరులు పశువుల తొట్టి దగ్గరికి, మత్తయి జ్ఞానులు ఇంట్లోకి వచ్చారు. మనం అందరినీ ఒకే పాకలో నిలబెట్టి ఫొటో తీస్తాం. జ్ఞానులు ముగ్గురని మత్తయి చెప్పనే లేదు, కానుకలు మూడు కాబట్టి మనమే లెక్క కట్టుకున్నాం.

పుస్తకం కొనాలా అని అడిగారు. అలాంటి పుస్తకం మొట్టమొదట పేరు తెచ్చుకున్నది సుమారు 170లో. తాతియాను అనే ఆయన నాలుగు సువార్తల్నీ కలిపి ఒకే కథనంగా అల్లాడు. సిరియా సంఘాలు దాన్నే తరాల తరబడి ఆరాధనలో చదువుకున్నాయి. 5వ శతాబ్దంలో తియొడొరేతు అనే బిషప్పు తన ప్రాంతంలోని సంఘాల నుంచి 200కు పైగా ప్రతులను సేకరించి తీసేయించి, వాటి చోట నాలుగు సువార్తలు పెట్టించాడు. చదవడానికి హాయిగా ఉండే ఒక్క పుస్తకం చేతిలో ఉండి కూడా సంఘం నాలుగింటినే ఎంచుకుంది. యూసేబియస్ ఇంకో దారి పట్టాడు. సువార్తలను ముక్కలుగా చేసి అంకెలు వేసి, ఏ ముక్క ఎక్కడెక్కడ ఉందో పది పట్టికల్లో చూపించాడు. ఎవరి మాట వాళ్ల దగ్గరే ఉంటుంది, పక్కవాడి మాట ఎక్కడుందో తెలుస్తుంది. నాకు తాతియాను కంటే ఈయన తెలివి నచ్చుతుంది. కలపాలన్న పట్టుదల మరీ ముదిరితే ఏమవుతుందంటే, 16వ శతాబ్దంలో ఒసియాండర్ అనే జర్మన్ పండితుడు వివరం మారితే సంఘటన కూడా వేరే అన్న నియమం పెట్టుకున్నాడు. పాపం, ఆయన లెక్క కుదరడానికి యేసు బతికించిన యాయీరు కూతురు ఒకటి కంటే ఎక్కువసార్లు చనిపోయి లేవాల్సి వచ్చింది. కాబట్టి డబ్బులు పెట్టదల్చుకుంటే, కథలను కలిపింది కాకుండా పక్కపక్క గడుల్లో అచ్చువేసింది కొనండి. అది దొరక్కపోయినా ఇబ్బంది లేదు, మీరే తయారు చేసుకోవచ్చు.

ఎలాగంటే, యాయీరు కూతురి కథతోనే మొదలుపెట్టండి. మత్తయి 9, మార్కు 5, లూకా 8. గాంధీ రోడ్డులో ఏ స్టేషనరీ షాపులోనైనా చార్టులు, స్కెచ్ పెన్నులు తెచ్చుకుని మూడు నిలువు గడులు గీయించి, పిల్లల చేతే వచనాలు రాయించండి. జిరాక్సు తీసి అంటించకండి, చేత్తో రాస్తేనే తేడా కంటికి తగులుతుంది. మూడింటిలో ఒకేలా ఉన్న మాటలకి ఒక రంగు, రెండింటిలోనే ఉన్నవాటికి ఒకటి, ఒక్కరి దగ్గరే ఉన్నవాటికి ఇంకొకటి. అందరూ ఒకే అనువాదం వాడాలి, ఇది ముఖ్యం. మన చిత్తూరు వైపు చాలా ఇళ్లల్లో అమ్మమ్మ తమిళ బైబిల్ చదువుతుంది, మనవరాలు ఫోన్లో ఏదో కొత్త తెలుగు అనువాదం చదువుతుంది. అలా కలగలిపితే అనువాదకుల తేడాలను సువార్తికుల నెత్తిన రుద్దుతాం.

రంగులు వేయడం అయ్యేసరికి పిల్లలే మాట్లాడతారు. మార్కు 23 వచనాల్లో చెప్పింది మత్తయి 9 వచనాల్లో ముగించాడు. మార్కులో యాయీరు వచ్చేసరికి కూతురు చావుబతుకుల్లో ఉంది, దారిలో చనిపోయిందన్న కబురొస్తుంది. మత్తయిలో ఆ తండ్రి నోటి మొదటి మాటే "నా కూతురు ఇప్పుడే చనిపోయింది". కబురు తెచ్చేవాళ్లు అక్కర్లేకుండా పోయారు, యాయీరు పేరు కూడా పోయింది. కథ కుదించేవాడు ఏం తీసేస్తాడో, దానితో ఏం మారిపోతుందో ఇక్కడ బాగా తెలుస్తుంది. మార్కులో తండ్రి బతికించమని వస్తాడు, మత్తయిలో చనిపోయిన పిల్లను లేపమని వస్తాడు. రెండో తండ్రి అడిగింది ఎంత పెద్దదో పిల్లలనే చెప్పనివ్వండి. మధ్యలో వచ్చే రక్తస్రావపు స్త్రీ దగ్గర మార్కు, ఆమె చాలామంది వైద్యుల దగ్గర తిప్పలు పడి, ఉన్నదంతా ఖర్చు పెట్టి, ఇంకా సంకటపడిందని రాశాడు. లూకాలో ఎవరి చేతా బాగుకాలేదన్న మాటే ఉంది, ఇంకా ముదిరిందన్న మాట లేదు. కొలొస్సయులకు రాసిన పత్రికలో "ప్రియుడైన వైద్యుడు" అన్నది లూకానే అని చెప్తే క్లాసంతా నవ్వుతుంది. నవ్వనివ్వండి, కానీ దాని మీద సిద్ధాంతం కట్టకండి. వైద్యుడు కాని మత్తయి అసలు వైద్యుల ఊసే ఎత్తలేదు.

రెండో కథగా శతాధిపతి దాసుడిది పెట్టుకోండి. మత్తయి 8లో శతాధిపతి స్వయంగా వచ్చి మాట్లాడతాడు. లూకా 7లో యూదుల పెద్దలను పంపుతాడు, తర్వాత స్నేహితులను పంపుతాడు, యేసు ఎదుటికి రానే రాడు. పెద్దమనుషుల చేత కబురంపడం అంటే ఏమిటో మన పిల్లలకి వివరించక్కర్లేదు. ఇక్కడ మాత్రం వాళ్లని ఒకటే అడగండి: లూకా ఎవరి పేరు పెట్టి తన పుస్తకం రాశాడో ఆ థెయొఫిలాకి, సమాజమందిరం కట్టించి పెట్టిన ఈ రోమా అధికారి గురించి యూదుల పెద్దల నోటే మంచి చెప్పించడం ఎందుకు అవసరమై ఉంటుంది?

క్లాసు మొదలుపెట్టే ముందు అయ్యగారికి చెప్పండి, వీలైతే మొదటి రోజు వచ్చి కూర్చోమనండి. ఆయనకి తెలియకుండా "మా టీచర్ బైబిల్లో తేడాలు చూపిస్తోంది" అన్న మాట ఇంటింటికీ పాకితే ఆ తర్వాత మీరేం చెప్పినా వినరు. పిల్లలు "మరి నిజంగా ఒక్కడా ఇద్దరా?" అని పట్టుబడితే, చెప్పగలిగినంతే చెప్పండి: మార్కు, లూకా ఒక్కడన్నారు, మత్తయి ఇద్దరన్నాడు, ముగ్గురూ కేకలు ఆపని మనిషినే చూపించారు. ఇంటర్ పిల్లలు ఇంత మాట తట్టుకోగలరు.

మీ మరిదితో గ్రూపులో వాదన పెట్టుకోవద్దు. వీడియోల్లో ఎప్పుడూ ముందుండేది పునరుత్థానపు ఉదయం, సమాధి దగ్గరికి ఎంతమంది స్త్రీలు వెళ్లారు, దూతలు ఎంతమంది అని. మత్తయిలో ఇద్దరు మరియలు, మార్కులో సలోమేతో కలిపి ముగ్గురు, లూకాలో యోహన్న, ఇంకా ఇతరులు, యోహానులో మగ్దలేనే మరియ ఒక్కతే. ఈ లెక్క తప్పేమీ కాదు, ఒప్పుకోండి. ఒప్పుకుని యోహాను 20లో రెండో వచనం ఆయన్నే చదవమనండి. ఒక్కతే వెళ్లిన మరియ పరుగెత్తుకొచ్చి "ఆయనను ఎక్కడ ఉంచిరో యెరుగము" అంటుంది. ఎరుగను అనలేదు. యోహాను ఒక్క మనిషి మీద దృష్టి పెట్టి చెప్తున్నాడని అక్కడ కాస్త బయటపడుతుంది. దీనితో అన్ని తేడాలూ తీరిపోవు. దూతల సంఖ్య తీరదు, ఎక్కడ కూర్చున్నారన్నదీ తీరదు. తీరినట్టు నటిస్తే ఆయన తర్వాతి వీడియోకి మీరే సరుకు ఇచ్చినట్టవుతుంది.

యేసు వంశావళులను మాత్రం ఇప్పుడే ముట్టుకోకండి. ఎవరో ఒకరు అడుగుతారు, మత్తయి 1లో యోసేపు తండ్రి యాకోబు, లూకా 3లో హేలీ అని. దావీదు నుంచి మత్తయి సొలొమోను మీదుగా, లూకా నాతాను మీదుగా వస్తారు. అక్కడినుంచి యోసేపు దాకా షయల్తీయేలు, జెరుబ్బాబెలు తప్ప పేర్లు దాదాపు కలవవు. మత్తయి పద్నాలుగేసి తరాల లెక్క ఎందుకు కట్టాడో, లూకా ఆదాము దాకా ఎందుకు వెళ్లాడో పట్టుకోవాలంటే పాత నిబంధన బాగా తిరగేసి ఉండాలి. నాలుగైదు కథలు చార్టుల మీద చేశాక, డిసెంబరులో ఎలాగూ మత్తయి 1 చదువుతారు కదా, అప్పుడు తీయండి.